మేకు దిగిన రూపాయి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు బీరువా కింది అరలో ఏదో వెతుకుతూ ఒక రేకు డబ్బా బయటికి లాగింది. కుట్టుమిషను దారాలు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, అన్నిటికీ అడుగున ఒక రూపాయి. తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"నాయనమ్మా, ఇదేంది? చిల్లుంది, బొమ్మేమో అరిగిపోయింది. ఫొటో తీసి పెడితే ఫోనే చెప్పుద్దంటగా ఏ కాలందో, ధరెంతో. దీనికి మాత్రం ఏం చెప్పట్లా."

నేను బొటనవేలి గోరును అంచు చుట్టూ తిప్పాను. గీతలు మూడొంతులు అరిగిపోయాయి, ఒకచోట గడ్డలా తగిలింది. వేలికొనతో బొమ్మ వైపు తడిమాను. నున్నటి తల, మెడ వంపు. కిరీటం లేదు.

"బోడిరాజు రూపాయి. వెండిది. కొత్తదైతే తులం తూగాలి, ఇది అంత తూగదు. ఈ గడ్డ అతుకు, ఎప్పుడో కొక్కెం పెట్టించారు" అన్నాను.

మనవరాలు నా పక్కకు జరిగింది. తర్వాత నెమ్మదిగా, "నువ్వు దాన్ని చూడనే లేదు నాయనమ్మా" అంది.

"చూశాగా."

"యాడ చూశావ్? గోడ వైపుంది నీ మొహం."

పొయ్యి మీద పాలున్నాయని చెప్పి దాన్ని పంపించేశాను. పాలు ఉన్నమాట నిజమే. దానికి గుంటూరు కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో ఉంటానని వారం నుంచి గొడవ. హాస్టల్ ఎందుకు, ఇక్కడి నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు, ఛార్జీల లెక్క కూడా నేను వేసి చూపిస్తాను అని మా అబ్బాయితో చెప్పింది నేనే. వేసి చూపించాను కూడా. లెక్క సరిగ్గానే ఉంది.

ఆ రూపాయి అప్పటి నుంచి నా కొంగు ముడిలో ఉంది.

*

మాది నరసరావుపేటలో అంగళ్ళ బజారు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ రెంటి మధ్య ఒక తలుపు. దాన్ని నడిమి తలుపు అనేవాళ్ళం. ఆ తలుపుకు ఇటు పక్క పసుపు, శొంఠి, ఎండుమిరపకాయలు, గోనెసంచుల దుమ్ము కలిసి ఒకే వాసనగా ఉండేది. చిన్నప్పుడు గాలికి వాసన అంటే అదే అనుకునేదాన్ని. వేరే ఊరికి వెళ్తే, ఏంటి ఇక్కడ గాలిలో ఏమీ లేదు అనిపించేది.

ఏ సంవత్సరమో నెలతో సహా చెప్పగలను. కొత్త పైసలు వచ్చిన మరుసటి ఎండాకాలం అంటే ఆ కాలం వాళ్ళకు చాలు. అణాలూ పైసలూ రెండూ చెల్లుతున్న రోజులు. అణాకు ఆరు పైసలు, బేడకు, అంటే రెండణాలకు, పన్నెండు, పావలాకు ఇరవై అయిదు. పెద్దవాళ్ళందరికీ అది తలనొప్పి. నాకు మాత్రం పండగ. ఎందుకంటే ఆరు నాలుగులు ఇరవై నాలుగే. వేపిన శనగలు పావలావి ఒకేసారి కొంటే ఇరవై అయిదు పైసలు ఇవ్వాలి. అణావి నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగు. ఆ ఒక్క పైసా కోసం ఎదురు కొట్టుకు నాలుగుసార్లు తిరిగేదాన్ని. మూడో విడతకు ఆ కొట్టు ముసలాయన, "ఏమే, నీ పొట్టలో నాలుగు గదులున్నయ్యా, దేనికి దానికి పొట్లం కావాలా?" అన్నాడు. నాలుగో విడతకు విషయం అర్థమై, శనగలు ఒక గుప్పెడు తగ్గించి ఇచ్చాడు.

అదే నేను ఎదురు కొట్టుకు వెళ్ళిన ఆఖరు సారి. ఐదో తరగతి పరీక్షలైపోయాయి. మా నాయనమ్మ నా జడ గట్టిగా అల్లి, రిబ్బను ముడేస్తూ, "ఇక నడిమి తలుపు దాటి అంగట్లోకి పోబాకు. మనిళ్ళల్లో ఆడపిల్లలు కొట్టు మెట్లు దిగరు" అని చెప్పింది. కోపంగా చెప్పలేదు. వాన వస్తుంది బట్టలు తియ్యి అన్నట్టు చెప్పింది.

ఆడపిల్లల హైస్కూలు బజారు చివర ఉండేది. దాని గంట మా పెరట్లోకి వినపడేది. నాకు అందులో చేరాలని ఉంది. ఉంది అంటే సరిపోదు, ఆ ఎండాకాలమంతా నాకు ఉన్న కోరిక అదొక్కటే. నాన్నను అడిగాను. నాన్న కొట్లో సరుకు తూచేవాడు. తాత గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. డబ్బు తీసుకునేదీ, చిల్లర ఇచ్చేదీ తాతే. ఇంట్లో ఏదైనా తాత మాటే.

"మీ తాత సరేనంటే చేర్పిస్తా" అన్నాడు నాన్న.

తాత సరే అనలేదు, కాదనీ అనలేదు. "ఈ ఎండల్లో నా దగ్గర కూర్చో. నీకో విద్య నేర్పుతా" అన్నాడు.

*

ఆ విద్య, అరిగిన నాణేన్ని గుర్తుపట్టడం.

పల్నాడు పల్లెల నుంచి సంతరోజున వచ్చే డబ్బు అందరూ చూసే డబ్బులా ఉండేది కాదు. గోడలో పెట్టి మెత్తింది, కుండలో పాతింది, రొంటిన దోపుకుని దోపుకుని నున్నగా అయింది. బొమ్మ ఉండదు, అక్షరం ఉండదు. ఇచ్చేవాడు రూపాయంటాడు, తీసుకునేవాడు రేకుముక్కంటాడు. ఏది ఏదో తేల్చి, అరుగుదలకు వట్టం, అంటే తరుగు, తీసి, మిగతాది కట్టివ్వాలి. బజారులో ఆ పనికి తాత పెట్టింది పేరు. వేరే కొట్ల వాళ్ళు కూడా తేలని నాణెం ఉంటే మా కొట్టుకు పంపేవాళ్ళు.

తాత మధ్యాహ్నం వెనక గదిలో నా ముందు ఒక సంచి బోర్లించేవాడు. "కళ్ళు మూసుకో. చేత్తో చెప్పు."

బేడకు నాలుగు మూలలు, ఎంత అరిగినా మూలలు పోవు. అణాకు అంచంతా వంకులు, పూరేకులు తగిలినట్టు. మధ్యలో చిల్లుంటే అది కాణీ, అణాలో పావు వంతు. వీటికి విద్య అక్కర్లేదు, చంటిపిల్లలు కూడా చెబుతారు. చిక్కంతా గుండ్రటి వాటితోనే. పావలా, అర్ధరూపాయి, రూపాయి. వాటిలో వెండివీ ఉన్నాయి, నికెలువీ ఉన్నాయి, సీసం పోసిన దొంగవీ ఉన్నాయి. సూదంటురాయికి నికెలు అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. అయితే సీసమూ అతుక్కోదు. కాబట్టి సూదంటురాయి చెప్పేది సగం మాటే. మిగతా సగం గోరు చెప్పాలి, అంచు గీతల్లో. చెవి చెప్పాలి, రాతి మీద పడేసినప్పుడు. తక్కెడ చెప్పాలి, వెండి రూపాయి సరిగ్గా తులం కాబట్టి. వెండి అని తేలితే రూపాయికి రూపాయి కాదు, పైన ఇంకో పావలా దాకా వచ్చేది.

"ముక్కు కూడా చెప్పుద్ది" అనేవాడు తాత. నిజమే. పసుపు వాసన ఉంటే దేవుడి ముడుపు విప్పి తెచ్చారని. పుల్లటి నూనె వాసన ఉంటే ఊరగాయ జాడీ అడుగున దాచింది. చుట్ట పొగాకు వాసనైతే మగవాడి రొంటిది. నాణెం ఏ కాలందో తేలకపోయినా ఏ ఇంట్లో ఎక్కడ ఉండేదో నాకు తెలిసిపోయేది. కిరీటం ఉన్న రాజు, కిరీటం లేని రాజు, రాణి. కిరీటం లేనాయన్ని తాత బోడిరాజు అనేవాడు. ఆయన తల నా వేలికి బాగా అలవాటు.

మామిడికాయ ముక్కలు ఆవపిండిలో ఊరుతున్న రోజులవి. ఇల్లంతా ఆ ఘాటు. నాయనమ్మ కొత్త ఆవకాయ కలిపిన అన్నం ముద్దలు నాకూ తాతకూ చేతిలో పెట్టేది. నాకు నేర్పుతున్నాడంటే నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను. ప్రేమ లేదని ఇప్పటికీ అనను.

కొన్నాళ్ళకు పాఠం పనిగా మారింది. గల్లాపెట్టె పక్క గోడలో ఒక గూడు ఉండేది, అటూ ఇటూ తెరిచి ఉండేది. వెనక గదిలోంచి చిల్లర అందివ్వడానికి మా ముత్తాత పెట్టించాడట. అందులో లక్ష్మీదేవి పటం, ముందు ప్రమిద. తాత నన్ను గూటికి వెనక, బోర్లించిన కుంచం మీద కూర్చోబెట్టాడు. తేలని నాణెం వస్తే, "ఆగు, అమ్మవారికి చూపిస్తా" అని గూట్లో పటం వెనక్కి చెయ్యి పెట్టేవాడు. నేను అందుకుని, తడిమి, చూసి, గుసగుసగా చెప్పేదాన్ని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని తీర్పు చెప్పేవాడు. బయట జనం దండం పెట్టేవాళ్ళు.

"మా శావుకారు అమ్మవారిని అడక్కుండా పైసా ముట్టడు" అని ఒకాయన అంటుంటే విన్నాను. అమ్మవారికి ఆ గదిలో చెమటకాయలు పేలి వీపంతా గోక్కుంటూ ఉంది. కిటికీ లేదు. గూట్లోంచి నాకు కనపడే లోకం తాత మోచెయ్యి, తక్కెడ గొలుసు, వీధిలో ఒక చారెడు ఎండ.

*

ఒకరోజు ఆయనిచ్చిన నాణెం చేతిలో ఉండగానే విసుగు పుట్టి గూట్లోంచి తాతకు నాలుక బయటపెట్టి వెక్కిరించాను. పటం పక్కకు జరిపి, జానెడు దూరంలో. మామూలుగా అయితే చెవి మెలేసేవాడు. తాత నా వైపే చూస్తున్నాడు. నవ్వలేదు, కసరలేదు. నా మొహంలోకే చూస్తూ, గొంతు తగ్గించి, "ఇంకా చెప్పవేందే? పావలానా కాదా?" అన్నాడు.

నాలుక బయటే ఉండిపోయింది నాకు. లోపలికి తీసుకోవడం కూడా మర్చిపోయాను.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కొట్టుకు ఎవరొచ్చినా వాళ్ళు నోరు తెరిచేదాకా "రా, రా" అనడమే గాని పేరు పెట్టి పిలవకపోవడం. మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి నేల మీద పాకించడం. తక్కెడ ముల్లు ఎక్కడుందో నాన్ననే చెప్పమనడం.

నాయనమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. దగ్గర కూర్చుని, "తాతకు కళ్ళు కనపట్టల్లేదు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "నీకిప్పుడు తెలిసింది. నాకు రెండేళ్ళాయె."

"నాన్నకు చెప్పనా?"

"చెప్పు. చెబితే మీ నాన్న ఆయన్ని గల్లా మీద నుంచి లేపుతాడు. లేపాల్సిందేగా మరి, కొట్టు నడవొద్దూ? లేచి ఈ మనిషి ఏం జేత్తాడు? అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటాడు. నెల తిరక్కుండా పోతాడే." ఒక రాయి తీసి పెరట్లోకి విసిరింది. "నోరు మూసుకుని కూర్చో తల్లీ. నీకు పుణ్యముంటది."

నేను నోరు మూసుకున్నాను. నన్ను గూటి వెనక ఎందుకు కూర్చోబెట్టాడో అర్థమైంది. బడి తెరిచే రోజు దగ్గరికొస్తున్న కొద్దీ తాత ఎందుకు ఆ మాటెత్తడం లేదో కూడా అర్థమైంది. నాన్నతో చెబితే తాత పోతాడు. చెప్పకపోతే నా బడి పోతుంది. కుంచం మీద కూర్చుని ఈ రెండిట్నీ తక్కెడలో వేసి చూసేదాన్ని. ముల్లు ఎటూ ఒరిగేది కాదు.

బడి తెరిచారు. గంట వినపడింది. నాన్న భోజనం దగ్గర కదిలించాడు. "నాన్నా, పిల్లను చేర్పిద్దామా?"

తాత అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, "ఈ ఏడు కాదులేరా. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. నాన్న సరేనన్నాడు. అంతే. నేను గోంగూర పచ్చడి కలుపుకున్న ముద్ద పట్టుకుని అలాగే కూర్చున్నాను. అప్పటి నుంచి చాలా ఏళ్ళు నాకు గోంగూర సయించలేదు.

*

తర్వాత నాకు గవదబిళ్ళలు వచ్చాయి. దవడలు వాచి, జ్వరం. వెనక వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఆ సంతరోజున గూటి వెనక అమ్మవారు లేదు.

పడుకునే విన్నాను. ముందు కొట్లో ఎవరో ఆడమనిషి గొంతు. రాతి మీద నాణెం పడిన చప్పుడు, టక్కుమని, చచ్చిన చప్పుడు. తర్వాత సుత్తి. ఒక దెబ్బ, రెండో దెబ్బ.

"అయ్యా, అయ్యా, సూడకుండానే కొట్టావే!" అని ఆమె అరిచింది.

సుత్తి సంగతి చెప్పాలి. గల్లాపెట్టె ముందు ఒక మద్ది చెక్క పలక ఉండేది. దొంగ నాణెం వస్తే దాన్ని ఆ పలకకు మేకు దింపి కొట్టడం మా కొట్టు పద్ధతి. తిరిగి ఇస్తే ఇంకో కొట్లో మారుస్తారని. కొట్టింది ఇక పీకరు. ఇచ్చినవాళ్ళు తెలియక తెచ్చినా సరే, బజారంతా చూస్తుండగా మేకు దిగిందంటే వాళ్ళ మొహాన కొట్టినట్టే. మూడు తరాల నాణేలు ఉండేవి ఆ పలక మీద, తుప్పు పట్టి, చేప పొలుసుల్లాగా.

జ్వరం తగ్గాక, మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ నడిమి తలుపు సందులోంచి దూరి పలక దగ్గరికి వెళ్ళాను. కొత్త మేకు మెరుస్తోంది. దాని కింద రూపాయి. గోరును అంచు చుట్టూ తిప్పాను. గీతలున్నాయి. సీసం పోసిన వాటికి అంచు గీతలు ఇలా ఉండవు, మెత్తగా కారినట్టు ఉంటాయి. బొమ్మ వైపు బోడిరాజు తల. మేకు సరిగ్గా చెవి దగ్గర దిగింది. ఒక పక్కన గడ్డ. ఎవరో మెళ్ళో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత తీసేశారు. అతుకు ఉంటే వెండి మోగదు. తాత చెవి మాట ఒక్కటే విన్నాడు. గడ్డను వేలు దాటిపోయింది, కన్ను ఎలాగూ లేదు. ముల్లు చూడలేడు కాబట్టి తక్కెడలో వెయ్యలేదు. నాన్న అప్పుడు గోదాములో ఉన్నాడట.

తాతను లేపి చెప్పాను. "అది వెండిది తాతా. అతుకుంది. అందుకే మోగలేదు."

తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెప్పబాకు. ఇది పీకితే పలక మీదియ్యన్నీ పీకమంటారు."

"మరి ఆమె?"

తాత నా తల కోసం గాల్లో తడిమి, దొరికించుకుని, నిమిరాడు. "సూశావా అమ్మా. నువ్వు ఒక్క పూట లేకపోతేనే ఇట్టా అయింది. ఇక నిన్ను బడికెట్టా పంపేది?"

తిట్టినా అంత భయం వేసేది కాదు. ఆ మాట అంత ప్రేమగా అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, వచ్చే ఏడు లేదు, ఆ పై ఏడూ లేదు. ఆ కుంచం మీద నుంచి నన్ను అత్తగారింటికే లేపుతారు.

*

మళ్ళీ సంతరోజున ఆమె వచ్చింది. అప్పటికి నేను గూటి వెనకే ఉన్నాను, పటం పక్కనుంచి తొంగి చూశాను. కారంపూడి వైపు మనిషి. మోకాళ్ళ పైకి దోపిన ముతక చీర, చేతులకు మట్టిగాజులు. మెట్టు మీద చతికిలబడింది.

"ఏందమ్మా, ఏం కావాలా?" అన్నాడు నాన్న.

"నా రూపాయి కావాలా."

"అది దొంగదిగా పిన్నీ, పోనియ్యి. బజార్లో గొడవెందుకు?"

"నేను దొంగదాన్నా? నా కూతురు చంటిదిగా ఉన్నప్పుడు మెళ్ళో కట్టిన రూపాయయ్యా అది. దాని పురిటికి మందు సరుకులు కొందామని కొక్కెం తీపించి తెచ్చా. శొంఠీ లేదు, పిప్పళ్ళూ లేవు, మేకు కొట్టి పంపిచ్చాడు మీ నాయన. మా ఊళ్ళో ఏమంటన్నారో తెలుసా? దొంగ రూపాయి అత్త అంటన్నారు, నీళ్ళ కాడ!"

జనం మూగారు. ఎవరో నవ్వారు. తాత గొంతు సవరించుకుని, "మోగలేదమ్మా అది. అందరూ విన్నారు" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. గూట్లోంచి నాకు ఆమె గాజులు కనపడ్డాయి.

"అందరియ్యీ అమ్మవారికి సూపిస్తావంటగా! నాది సూపియ్యలేదేం ఆ రోజు? నా రూపాయేం పాపం చేసింది? ఇప్పుడు పీకు. పీకి, సూపియ్యి. నీ లచ్చిందేవి దొంగదంటే నేను ఈ మెట్టు మీదే ముక్కు నేలకు రాసి పోతా."

"అవును శావుకారూ, అడిగిందాంట్లో తప్పేముంది?" అన్నారు పక్కనుంచి. "చూపియ్యి, చూపియ్యి."

నాన్న పట్టకారు తెచ్చి మేకు లాగాడు. చెక్క కిర్రుమంది. తాత చెయ్యి గూట్లోకి వచ్చింది. రూపాయి నా అరచేతిలో పడింది, మేకు లాగిన వేడి ఇంకా ఉంది దానికి.

తడమక్కర్లేదు, చూడక్కర్లేదు. నేను ఒక్క మాట చెప్పాలి, అంతే. దొంగది అంటే తాత గల్లా నిలబడుతుంది, నేను గూటి వెనకే ఉంటాను, ఆమె మెట్టు మీద ముక్కు రాస్తుంది. ప్రమిద మసి నా కళ్ళల్లోకి వస్తోంది.

"వెండిది తాతా" అన్నాను.

తాత చెయ్యి గూట్లోనే ఉండిపోయింది. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఆయన కావాలంటే ఆ మాటను అమ్మవారి మాటగా చెప్పి, నాణెం ధర ఇచ్చి, తన పొరపాటే అని నవ్వేసి ఊరుకోవచ్చు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. మళ్ళీ సంతకు అమ్మవారు గూటి వెనకే ఉండేది. నేను ఆయన మోచెయ్యి వైపే చూస్తున్నాను. అదే నాకు కనపడేది.

చెయ్యి వెనక్కి పోయింది.

"బయటికి రామ్మా" అన్నాడు తాత, గట్టిగా. "నడిమి తలుపు తీసుకుని బయటికి రా. వచ్చి ఆ మాట అందరికీ చెప్పు."

వెనక నుంచి నాయనమ్మ, "అయ్యో, ఇదేందయ్యా" అనడం వినపడింది. నేను తలుపు తోశాను. ఎండ. అంతమంది మొహాలు. చెమటకాయల వీపు, మసి మొహం, దవడ వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ అవతారంలో ఉన్న లక్ష్మీదేవిని చూసి ఒకాయన దండం పెట్టబోయి ఆగిపోయాడు.

"వెండిది. బోడిరాజుది. అతుకుంది కాబట్టి మోగలేదు" అన్నాను. పాఠం అప్పజెప్పినట్టు.

తాత అందరి వైపూ, అంటే అందరూ ఉన్నారనుకున్న వైపు, తిరిగాడు. "నాకు కళ్ళు ఆనటల్లేదు. ఇన్నాళ్ళూ అమ్మవారి కళ్ళు కాదు, ఈ పిల్ల కళ్ళు. అమ్మాయ్, నీ రూపాయి మంచిదే. పిచ్చి కుంకని, నేనే తప్పు కొట్టా."

ఆమె రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

నాన్న రూపాయి తక్కెడలో వేసి తూచాడు. "తరుగు పోను ఇంత. అతుకుకు కొంచెం తియ్యాలి. చిల్లుకు ఎంత తీద్దాం నాన్నా?" అన్నాడు. ఆయన వ్యాపారి. ఆ క్షణంలో కూడా అడిగాడు.

"చిల్లుకు తియ్యబాకు" అన్నాడు తాత. "అది మనది."

సరుకులు కట్టారు. పురుడు అప్పటికే అయిపోయిందట, అప్పు చేసి మందు పెట్టుకున్నారట. అయినా శొంఠి, పిప్పళ్ళు, తాటిబెల్లం అన్నీ తీసుకుని, మిగిలిన డబ్బు కొంగున కట్టుకుని, పోతూ పోతూ నా గడ్డం పట్టుకుంది. "ఆడపిల్లంట్రా!" అంది, నాకు చెప్పిందో, పుట్టిన మనవరాలి గురించి చెప్పిందో తెలియలేదు.

తాత లేచి, తడుముకుంటూ గల్లాపెట్టెకు ఇటు పక్కకొచ్చి నిలబడ్డాడు. నాన్న కాసేపాగి ఆ చోట కూర్చున్నాడు. కూర్చోగానే, "అయితే ఇక పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకుంటా. దీనికి బాగా పట్టుబడింది" అన్నాడు.

నేను తాత పంచె అంచు పట్టుకున్నాను.

"నీకు కళ్ళున్నయ్యిగా" అన్నాడు తాత. "దాన్ని బడికి పంపు."

*

కథల్లో అయితే మర్నాడే పలకా పుస్తకం పట్టుకుని వెళ్ళాలి. నేను వెళ్ళలేదు. చేర్చుకునే గడువు దాటిపోయింది, వచ్చే ఏడు రమ్మన్నారు. ఆ ఏడంతా నడిమి తలుపు వెనకే ఉన్నాను. నాయనమ్మ నియమం ఒక్కరోజు సడలి మళ్ళీ బిగిసింది. కాకపోతే గూటి వెనక కుంచం తీసేశారు. తాత పెరట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. నాయనమ్మ భయపడినట్టు నెల తిరక్కుండా పోలేదు. నాలుగేళ్ళు బతికాడు. చిల్లర సంచి ముందేసుకుని, ఇద్దరం కళ్ళు మూసుకుని పందేలు వేసుకునేవాళ్ళం. నేనే ఎక్కువ గెలిచేదాన్ని. ఆయన కావాలని ఓడేవాడని ఇప్పుడు అనుమానం. బడి గంట మోగినప్పుడల్లా ఆట ఆపి, అది ఆగేదాకా నాణెం ముట్టేవాడు కాదు.

మరుసటి ఏడు చేరాను. వరసలో అందరికన్నా పొడుగు నేనే. ఆ బడి వల్లే తర్వాత విజయపురి సౌత్‌లో డ్యాం ఆఫీసులో లెక్కల గుమస్తా పని, ఆ జీతం, ఇప్పటి ఈ పెన్షను. బోడిరాజు రూపాయిని తాత నాకే ఇచ్చాడు. కొట్టు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఫోన్ల షాపు ఉంది. పలక ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు.

మొన్నటి నుంచి నేను చేస్తున్నవి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. బ్యాంకు మెసేజీ వస్తే మనవరాలినే చదవమనడం. పాలవాడి లెక్క దాని చేతే రాయించడం. మెట్ల దగ్గర దాని భుజం పట్టుకుని, ఆప్యాయత అన్నట్టు నడవడం. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు నాతో చెప్పి చాలాకాలమైంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే పెన్షను కార్డూ, బీరువా తాళాలూ, ఇంటి లెక్కా నా చేతిలోంచి తీసుకుంటారు. తీసుకోవాల్సిందేగా మరి.

హాస్టల్ వద్దని బస్సు ఛార్జీల లెక్క వేసింది నేను. ఆ కాగితం మీద అంకెలు రాసింది అది.

నిన్న భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక మా అబ్బాయితో చెప్పాను. "నాకు కళ్ళు ఆనటల్లేదు. రెండేళ్ళాయె. పిల్లను హాస్టల్లో చేర్పించు. లెక్కలు నువ్వు చూసుకో."

మా అబ్బాయి కంచం చప్పుడు ఆగిపోయింది. కోడలు, "అదేంటత్తయ్యా!" అంది. మనవరాలు మాత్రం నా గ్లాసు తీసి సరిగ్గా నా చేతికి అందేచోట పెట్టింది. దానికి ముందే తెలుసు. ఎన్నాళ్ళ నుంచి తెలుసో నేను అడగలేదు. అడగాల్సింది.

చేతులు కడుక్కున్నాక నా దగ్గరకొచ్చి కూర్చుంది. కొంగు ముడి విప్పి రూపాయి దాని చేతిలో పెట్టాను. "కళ్ళు మూసుకో. గోరు తిప్పు."

"గీతలున్నయ్యి... పోయినయ్యి... ఇక్కడేదో గడ్డ. ఇదిగో తల. అవును, బోడిదే!" నవ్వింది. "ఇంతకీ దీని ధరెంత నాయనమ్మా? నిజంగా చెప్పు."

"తులానికి అరుగుదల తీసెయ్యి. అతుకుకు ఇంకాస్త తీసెయ్యి. మిగిలిందాన్ని ఇవాళ్టి వెండి ధరతో గుణించు."

ఫోన్లో వేసుకుంది. వేళ్ళు టకటకా ఆడిన చప్పుడు వినపడింది. ఆగింది.

"చిల్లుకు తగ్గించాలి కదా? ఎంత తియ్యను?"

"తియ్యబాకు" అన్నాను. "అది మనది."